పీడీఎఫ్ స్వయంవరం

వ్యాసుడు చెబుతూ పోతుంటే, అర్థం చేసుకోకుండా ఒక్క ముక్క రాయకూడదన్న షరతుకు తలొగ్గి, విరిగిన దంతాన్నే ఘంటంగా పట్టిన విఘ్నేశ్వరుడికి తొలి నమస్కారం. ఆ షరతే ఈ కాలపు విశ్వవిద్యాలయాల్లో పెడితే థీసిస్‌లు సగానికి సగం ఆగిపోతాయి. చేతిలో పుస్తకం ఉన్నా ఏ పేజీ చదువుతోందో ఎవరికీ చెప్పని చదువులతల్లికి మలి నమస్కారం. పిలిస్తే పలికి, నమ్మితే మాయమయ్యే హాస్టల్ మూడో అంతస్తు వైఫైకి, భక్తితో కాదు గాని భయంతో, మూడో నమస్కారం.

ఇక పూర్వకవి స్తుతి. 1665 జనవరిలో పారిస్‌లో 'జుర్నాల్ దె సావాఁ', అదే ఏడాది మార్చిలో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ చేతుల మీదుగా 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పుట్టాయి. అంతవరకు పండితులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుని సరిపెట్టుకునేవారు. ఆ ఉత్తరాలే అచ్చెక్కి, వామనుడంత మొదలై, ఇవాళ త్రివిక్రముడై ఒక పాదం మన ల్యాప్‌టాప్ మీద, రెండో పాదం మన నిద్ర మీద పెట్టి, మూడో పాదం ఎక్కడ పెట్టమంటావని అడుగుతున్నాయి. ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే చతురంగ బలాల అమరిక మాత్రం ఓల్డెన్‌బర్గ్ నాటిది కాదు. అది 20వ శతాబ్దపు నడుమ కుదిరి, 1980ల నాటికి పెద్ద వైద్య పత్రికల్లో ఇంకో వ్యూహమే లేకుండా చేసింది.

నెట్‌వర్కుల శాస్త్రవేత్త ఎస్. కేశవ్‌కు ఇంకో నమస్కారం. 2007లో ఆయన పేపరు చదవడం ఎలాగో చెబుతూ ఒక పేపరు రాశారు. రెండే పేజీలు. ఒకేసారి చదవకండి, మూడు విడతలుగా చదవండి అన్నారు: మొదటిది పది నిమిషాలు, రెండోది గంట, మూడోది కొత్తవాళ్లకు నాలుగైదు గంటలు. పిల్లలు దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నంత శ్రద్ధగా చదివి ఉంటే నాకీ కావ్యం రాసే పని తప్పేది.

కుకవి నింద లేకపోతే ప్రబంధానికి నిండుదనం రాదు. 2003లో సిమ్కిన్, రాయ్‌చౌధురీ అనే ఇద్దరు ఒక చిత్రమైన లెక్క కట్టారు. రిఫరెన్సుల్లో పేజీ నంబరో, సంపుటి సంఖ్యో తప్పు పడితే, ఆ తప్పు ఒక పేపరులోంచి ఇంకో పేపరులోకి ఎలా పాకిందో చూశారు. తప్పును కూడా తప్పు పోకుండా దించుకున్నవాడు అసలు పేపరు తెరవలేదన్నమాట. ఉదహరించినవాళ్లలో మూలం చదివినవాళ్లు ఐదింట ఒకవంతు ఉంటారని వాళ్ల అంచనా. (ఈ మాటను వాళ్ల పేపరు చదవకుండానే ఎవరైనా ఉదహరిస్తే ఆ పుణ్యం నాకు అంటగట్టకండి.)

ఇక కథ.

హైదరాబాదు నగరమున నొక విశ్వవిద్యాలయము గలదు. ఏదని అడగవద్దు. అందు చాయ్ కాగినంతసేపు వాదములు సాగును, వాదములు సాగినంతసేపు చాయ్ చల్లారును. అందలి మహిళా హాస్టలునందు, స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ మొదటి ఏడు వెలగబెట్టుచున్న భీమవరపు చిన్నది యొకతె గలదు. ఆమె అనవరత నూడుల్స్ భక్షణ క్షామకుక్షియు, నిశీథ కాఫీపాన నియమ నిష్ఠాగరిష్ఠయు, పంచవర్ణ హైలైటర్ ప్రహరణ ధారిణియు, చతుశ్శత పీడీఎఫ్ సంచయ సంపన్నయు, వానిలో నొకటియైనను తుదకంటం జదువని ధన్యయు నై యొప్పుచుండె.

ఒక రాత్రి ఆమె స్నానం చేసి, కుర్చీ సర్దుకుని, నాలుగు వందల పీడీఎఫ్‌లలో ఒకదాన్ని తెరిచి, శ్రీకారం నుంచి మొదలుపెట్టింది. రామాయణం పారాయణం చేసే బామ్మ పెంపకం మరి. పుస్తకం అంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పోవాలి, మధ్యలో లేస్తే పాపం. మొదటి వాక్యం అర్థమైంది. రెండో వాక్యం చివర బ్రాకెట్లలో ఏడుగురు పూర్వులు బారులు తీరి నిలబడ్డారు. వాళ్లను పలకరించకుండా పోవడం మర్యాద కాదని ఒక్కొక్కరినీ డౌన్‌లోడ్ చేసింది. మూడో పేరాలో 'ఇది తేలిగ్గా చూపవచ్చు' అన్న మాట తగిలింది. గణితం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, దండకారణ్యానికి ద్వారం ఆ మాటే. అక్కడ దారి తప్పి, అర్ధరాత్రి దాటాక పసుపు హైలైటర్ పట్టింది. ముఖ్యమైన వాక్యం కింద గీసింది. తరవాతి వాక్యం అంతకంటే ముఖ్యంగా తోచింది. రెండు గంటలకు పేజీ నలుగు పెట్టిన పెళ్లికూతురిలా ఆపాదమస్తకం పసుపు. గీయకుండా మిగిలింది పేజీ నంబరొక్కటే.

ప్రబంధ నాయికకైతే ఈ ఘట్టంలో చెలికత్తెలు గంధం పూసి, తామరాకుల పాన్పు పరిచి, చంద్రుణ్ని తిడతారు. మన నాయికకు దక్కింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి అమృతాంజనం. చంద్రుడి బదులు ట్యూబులైటును తిట్టుకుంది.

ఆ సమయమున, థీసిస్ సమర్పణకు సరిగ్గా ఆరు నెలల దూరంలో రెండేళ్లుగా నిలిచి ఉన్న సీనియర్, కరీంనగర్ వనిత, పక్కగది నుంచి చార్జర్ కోసం అరుదెంచెను.

"ఏందే, లైట్ ఇంకా ఆర్పలే?"

"ఈ పేపరు అవ్వట్లేదక్కా. ఇంకా మొదటి పేజీలోనే ఉన్నా."

"మొదటి లైన్ సంది చదువుతున్నవా?"

"మరెక్కడి నుంచి చదవాలి?"

అక్క మంచం మీద కూలబడింది. "రాసినోళ్లే ఆ వరుసల రాయలేదు పిల్లా. ముందుగాల గ్రాఫులు గీస్తరు. తర్వాత ఏం చేసిన్రో రాస్తరు. అబ్‌స్ట్రాక్ట్ ఆఖరి రాత్రి రాస్తరు, నిద్రమబ్బుల. వాళ్లు రాయని వరుసల నువ్వెందుకు చదువుడు?"

నాయిక నిరుత్తర అయ్యెను.

"నాలుగు వందలు ముందేసుకున్నవ్. అందరి మెడల దండేస్తవా? ముందు మొఖాలు చూడు."

ఇచ్చట స్వయంవర ఘట్టము మొదలగుచున్నది. శ్రీనాథుడి శృంగార నైషధంలో దమయంతికి రాజులను పరిచయం చేసే పని సాక్షాత్తు సరస్వతీదేవి నెత్తికెత్తుకుంది. ఇక్కడ ఆ పాత్ర కరీంనగర్ అక్కది. చేతిలో వీణ లేదు, చార్జర్ ఉంది. ఆమె పెట్టిన నియమం ఒకటే: ఒక్కో రాజు ముందు పది నిమిషాలకు మించి నిలబడరాదు. శీర్షిక, అబ్‌స్ట్రాక్టు, లోపలి ఉపశీర్షికలు, బొమ్మలు, ముగింపు, రిఫరెన్సుల్లో మనకు తెలిసిన మొహాలు ఎన్ని. అంతే. సూత్రాల జోలికి పోకూడదు. తర్వాత పల్లకీ కదలాలి. అబ్‌స్ట్రాక్టు అంటే వంది మాగధుల స్తోత్రం. వాళ్లు రాజుగారి జీతగాళ్లు. ఓడిన యుద్ధాలు వాళ్ల నోట రావు.

మొదటి రాజు సేనతో వచ్చాడు. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి గురించి 'ఫిజికల్ రివ్యూ లెటర్స్'లో వచ్చిన పేపరు అది. రచయితలు 5,154 మంది. మొత్తం 33 పేజీల్లో విషయం, రిఫరెన్సులు కలిపి తొమ్మిది పేజీలే. తక్కిన 24 పేజీల్లో ఉన్నది సైన్యమే: పేర్లు, ఊళ్లు. అక్షౌహిణికి చాలదు గాని, విరాటుడి కొలువుకు ఎక్కువే. నాయిక స్టాటిస్టిక్స్ పిల్ల, ఆమెకు ఈ సంబంధం ఎలాగూ కుదరదు. అయినా సేన చివరివరకు చూద్దామని స్క్రోలు చేస్తుంటే అక్క చెయ్యి పట్టి ఆపింది. పక్కనే 1953 నాటి 'నేచర్' పేపరు నిలబడి ఉంది. వాట్సన్, క్రిక్, ఇద్దరే. పేజీ దాటి కాస్త. డీఎన్ఏ నిర్మాణం అందులో పట్టేసింది. పల్లకీ కదిలింది.

రెండో రాజు కోటలోంచి బయటికి రాలేదు. గుమ్మం దగ్గర ద్వారపాలకుడు నలభై డాలర్లు కట్టమన్నాడు. ఈ యుద్ధం ఒకప్పుడు పెద్ద కాండమే అయ్యేది. ఇప్పుడు ఒక పేరాకు కుదించవచ్చు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల పిల్లలకు తలుపులు తెరుచుకున్నాయి. అందులోనూ లేకపోతే రచయితకు రెండు లైన్ల మెయిలు రాస్తే చాలు. తన పేపరు చదువుతానని ఒకరు అడగడమే ఆయనకు పండగ. చాలామంది మర్నాటికల్లా పంపుతారు.

మూడో రాజు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

అతడు గ్రాఫు రూపంలో వచ్చాడు. రెండు స్తంభాలు. ఎడమది బూడిద రంగు, అది పాత పద్ధతి. కుడిది నెత్తుటి ఎరుపు, అది 'మా పద్ధతి'. ఎర్ర స్తంభము మేరువై మింటినంటుచుండ, బూడిద స్తంభము దాని పాదమూలమున వల్మీకమై యొదిగియుండె. నాయిక చేతిలోని దండ తనంత తానే లేచింది. అక్క వేలు స్క్రీను మీద నిలువు గీత వెంట కిందికి కిందికి దిగి, అట్టడుగున ఆగింది. అక్కడ చీమ కన్నంత అక్షరాల్లో 90 అని ఉంది. గీత సున్నా దగ్గర మొదలవలేదు. తొంభై దగ్గర మొదలై తొంభై రెండు దగ్గర ముగిసింది. పాత పద్ధతి 90.4 శాతం, కొత్తది 91.6. మేరువుకూ పుట్టకూ తేడా ఒకటింబావు శాతం కూడా లేదు.

"మీసాలేవి?" అంది అక్క.

"మీసాలేంటక్కా?"

"స్తంభం నెత్తి మీద నిలబడే సన్నగీత. ఎర్రర్ బార్. మొగోడివైతే మీసం చూపియ్యాలె కదా."

బొమ్మలో మీసం లేదు. వెతగ్గా వెతగ్గా అనుబంధంలో నాలుగో పట్టికలో, అడుగున నక్షత్రం గుర్తు పక్కన దొరికింది: ఇటూ అటూ 1.5. అంటే ప్రయోగాన్ని ఇంకోసారి చేస్తే మేరువు కుంగి పుట్ట పెరిగే అవకాశం చక్కగా ఉంది. దండ కిందికి దిగింది. పల్లకీ కదిలింది. ఆ రాత్రి అక్క చేయించిన చదువంతా ఒక ఎత్తు, ఈ ఒక్క వేలు కదలిక ఒక ఎత్తు అంటాను నేను. అంకెలు అబద్ధం చెప్పలేదు; గీత ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకున్నారంతే.

ఇలా తెల్లారేసరికి పన్నెండు మంది రాజులు వెళ్లిపోయారు. ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురితో మర్నాడు రెండో విడత.

రెండో విడతలో గంటసేపు కూర్చుని, పెన్నుతో అంచుల్లో రాసుకుంటూ, నిరూపణలు వదిలేసి తక్కినదంతా చదవాలి. మన నాయిక 'పద్ధతులు' అన్న అధ్యాయాన్ని చూసి, ఊరి బయట సత్రాన్ని చూసినట్టు చూసి దాటిపోబోయింది. అది అందరూ చేసే పనే. పేపరంతటిలో దుమ్ము పట్టే వీధి అదొక్కటే కాబట్టి, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని నిమిషాలు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్న సంగతులు చదవడానికి రుచించవు.

"మీ ఊరాయనను మీరే లెక్కచెయ్యకపోతే ఎట్లనే?" అంది అక్క.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, నెత్తురులో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 'జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ'లో అచ్చువేశారు. దానిలో గొప్ప సిద్ధాంతం లేదు. ఉన్నదంతా కొలత. జీవరసాయన శాస్త్రవేత్తలు తరాల తరబడి ఆ ఇద్దరి పేర్లతోనే దాన్ని పిలుచుకుంటూ వాడుకున్నారు. లోకంలో ఎక్కువమంది ఉదహరించిన పేపరు ఏదని 2014లో 'నేచర్' పత్రిక లెక్కతీస్తే తేలింది ఐన్‌స్టీనుది కాదు, వాట్సన్ క్రిక్‌లదీ కాదు. ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి గురించి 1951లో లౌరీ బృందం రాసింది. అప్పటికే 3 లక్షల ఉదహరింపులు దాటాయి. రాజు కిరీటం అబ్‌స్ట్రాక్టులో ఉంటుంది, కత్తి పద్ధతుల్లో ఉంటుంది. భీమవరపు చిన్నది ఊరి పరువు తలచుకుని వెనక్కి తిరిగి ఆ వీధిలోకి నడిచింది.

అక్కడే అసలు చిక్కు వచ్చింది.

ముగ్గురిలో ఒక పేపరును ఎంచుకుని వెతికేసరికి ఒకే ముఖంతో అయిదుగురు ఎదురొచ్చారు. ఒకరు ఆర్కైవ్‌లో పెట్టిన ప్రీప్రింటు. ఒకరు కాన్ఫరెన్సులో చదివిన ఎనిమిది పేజీల అవతారం. ఒకరు జర్నల్‌లో అచ్చయిన ముప్పై పేజీల అవతారం. ఒకరు అదే రచయిత థీసిస్‌లో మూడో అధ్యాయం. అయిదోవారు ఏఐ చాట్‌బాట్ క్షణంలో వడ్డించిన అయిదు వాక్యాల సారాంశం. దమయంతి ముందు ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపులో వచ్చి నిలబడ్డ సభ ఇదే.

దమయంతి ఏం చేసిందో మనకు తెలుసు. దేవతలకు చెమట పట్టదు, రెప్ప వాలదు, మెడలో దండ వాడదు, పాదం నేలకు ఆనదు. నలుడికి చెమట ఉంది, ఒంటి మీద దుమ్ము ఉంది, నీడ ఉంది. అందుకే అతణ్ని పోల్చుకుంది.

అయిదోవారి సారాంశం అందంగా ఉంది. రెప్ప వాలలేదు. ఎక్కడా 'ఇది మాకు తెలియలేదు' అని లేదు. కష్టం లేదు, సందేహం లేదు, ఒక్క వాక్యం తడబడలేదు. నాయిక చాలాసేపు దాని వంక మురిసిపోతూ చూసింది. నిజం చెప్పొద్దూ, అయిదుగురిలో తెల్లగా, పొడుగ్గా, మాటకారిగా ఉన్నది అతగాడే. తర్వాత కాన్ఫరెన్సు అవతారం వైపు తిరిగింది. ఎనిమిది పేజీల్లో ఇరికించడానికి షరతులన్నీ ఒక్క వాక్యంలోకి మడిచేశారు. పాదం నేలకు బెత్తెడు ఎత్తున తేలుతోంది. ప్రీప్రింటుకు మూడు వెర్షన్లున్నాయి. ఆర్కైవ్ పాత వెర్షన్లను చెరిపెయ్యదు కాబట్టి పక్కపక్కన పెట్టి చూసింది: ఒకటో దాంట్లో ఉన్న ఒక అంకె మూడో దాంట్లో మారింది. ఎందుకు మారిందో థీసిస్ అధ్యాయం కథలా చెప్పుకుంది.

జర్నల్ పేపరు 26వ పేజీలో పరిమితుల గురించి ఒక పేరా ఉంది. కొన్ని రకాల దత్తాంశాల మీద ఈ పద్ధతి విఫలమైందని, ఏ పరిశీలనలను ఎందుకు తీసేశారో, తమ ఊహలో ఏది తమకే బలహీనంగా తోస్తోందో రాశారు. కింద కోడ్ లింకు ఇచ్చారు. నొక్కితే తెరుచుకుంది కూడా. చెమట వాసన గుప్పుమంది.

"వీడే అక్కా," అంది నాయిక.

"అయితే దండెయ్యి. ఏది చదివినవో దాన్నే ఉదహరించు, ఐదుగురినీ కలిపి ఒక్కడని రాయకు," అని అక్క తన చార్జర్ తీసుకుని వెళ్లిపోయింది.

దండ వేయడంతో స్వయంవరం ముగుస్తుంది గాని కాపురం మొదలవుతుంది. ఎంచుకున్న పేపరు నిరూపణలన్నీ మళ్లీ మళ్లీ ఒక్క గడప దగ్గరికే చేరుస్తున్నాయి: రావు, 1945. ఇంటి పెద్దను చూడకుండా కాపురం ఎలా? మూడో విడత అక్కడ.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావు అప్పటికి పాతికేళ్లైనా నిండనివాడు. తరగతిలో ఫిషర్ ఫలితం ఒకటి చెబుతున్నాడు: దత్తాంశం అనంతంగా పెరిగినప్పుడు అంచనాల వేరియన్స్‌కు కింది హద్దు ఇది అని. దండేకర్ అనే విద్యార్థి లేచి, మరి దత్తాంశం కొద్దిగానే ఉంటే ఆ హద్దు ఉండదా అని అడిగాడు. (ఆ వి.ఎం. దండేకరే తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యాడు.) రావు ఆ రాత్రి కూర్చుని నిరూపించి, మర్నాడు తరగతిలో చూపించాడు. 1945లో 'బులెటిన్ ఆఫ్ ద కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ'లో 81 నుంచి 91వ పేజీ వరకు, పదకొండు పేజీల్లో అచ్చయింది. క్రామేర్–రావు హద్దు అందులోనే ఉంది. రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోనే ఉంది. సమాచారాన్ని జ్యామితిగా చూసే శాస్త్రానికి పునాదీ అందులోనే. 2023లో ఆయనకు 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు కారణంగా చూపింది ఆ పదకొండు పేజీలనే.

యుద్ధ వర్ణనము. రాత్రి పది గంటలకు నాయిక హైలైటర్లను అయిదింటినీ డ్రాయరులో పడేసి, తెల్లకాగితం, బాల్ పెన్ను తీసుకుంది. ఫలితం చూసి, పేజీ మూసి, తానే నిరూపించబోయింది. పక్షపాతం లేని అంచనా అంటే ఏమిటో సమాకలనంగా రాసింది. దాన్ని, అంచనా కట్టాల్సిన తెలియని సంఖ్య థీటాతో, అవకలనం చేసింది. కోషీ–ష్వార్జ్ అసమానత యను నాగాస్త్రమును సంధించి విడిచెను. అస్త్రము తగిలెను. వేరియన్స్ ఎంత తగ్గినా ఫిషర్ సమాచారపు విలోమం కంటే తగ్గలేదని అయిదారు వరుసల్లో తేలిపోయింది. నాలుగు గంటలు పట్టిన ఆ అయిదారు వరుసలు ఆమె జీవితంలో మొదటిసారి 'తేలిగ్గా చూపవచ్చు' అన్న మాటను నిజం చేశాయి.

అక్కడితో ఆగక, ఒక ఉదాహరణ మీద పరీక్షించింది. సున్నా నుంచి థీటా వరకు ఎక్కడైనా సమానంగా పడే సంఖ్య ఒకటి. దాన్ని రెట్టింపు చేస్తే థీటాకు పక్షపాతం లేని అంచనా దొరుకుతుంది. హద్దు ప్రకారం దాని వేరియన్స్ థీటా వర్గం కంటే తగ్గకూడదు. లెక్క కడితే థీటా వర్గంలో మూడో వంతు వచ్చింది. మళ్లీ కట్టింది. మూడో వంతే.

భూమి కంపించెను. దిక్కులు పిక్కటిల్లెను. తెల్లవారుజాము మూడున్నరకు, క్రామేర్‌నూ రావునూ ఒక్క దెబ్బకు కూల్చితినని, పాంచజన్యము పూరింపబోవు కిరీటి సారథివలె నాయిక పక్కగది తలుపు దబదబ బాదెను.

అక్క కళ్లు తెరవకుండానే విన్నది.

"సంఖ్య పడే రేంజ్ల థీటా ఉందా?"

"ఉంది. సున్నా నుంచి థీటా."

"హద్దుకు పెట్టిన షరతు ఏంది?"

నాయిక కాగితం తిరగేసి చూసింది. అవకలనాన్ని సమాకలనం లోపలికి జరిపిన చోట తాను పైకి రాయకుండా ఒప్పుకున్న మాట ఒకటుంది: రేంజ్ థీటాను బట్టి మారకూడదు. దుర్యోధనుడి ఒంట్లో గాంధారి చూపు పడని చోటు అదే.

"గదే తొడ. పో, పండుకో," అని అక్క దుప్పటి ముసుగు తన్నెను.

మర్నాడు గైడు దగ్గర ఆమె చూపించింది ఒకే కాగితం. మూడు సంగతులున్నాయి: పేపరు ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది, ఎలా చెప్పింది, ఎక్కడ చెల్లదు. మూడోదాని కింద ఆ రెట్టింపు ఉదాహరణ. గైడు చదివి, 'ఇది ఎవరు చెప్పారు?' అని అడిగి, ఎవరూ చెప్పలేదని విని, కాగితానికి నంబరు వేసి తన ఫైల్లో పెట్టుకున్నారు. గురువులు మెచ్చుకునే తీరు అంతే, పుష్పవృష్టి కురవదు.

ఫోల్డరులో నాలుగు వందలు ఇంకా అలాగే ఉన్నాయి. అక్క చెప్పగా వాటిలో మూడు వందల పైచిలుకు ఆమె ఆ వారంలోనే తీసేసింది. పాఠక మహాశయులకు కూడా అదే మనవి. ఏడాదిగా తెరవని పీడీఎఫ్‌లను చెరిపెయ్యండి. పేపరుకు శాశ్వత చిరునామా లాంటి డీఓఐ సంఖ్య ఒకటి రాసి పెట్టుకుంటే కావాలన్నప్పుడు మళ్లీ దొరుకుతుంది. ఇవాళ్టికి ఒకదాన్ని ఉంచుకుని, దాని బొమ్మల్లో నిలువు గీత ఎక్కడ మొదలైందో ముందు చూడండి.